జట్కా సాయిబుకు మామూలు ఇవ్వబోయి

ఒక గుర్రం, ఒక సంకటం, పరువు కోసం పోరాటం ఉన్న వీరగాథ చెబుతాను, వినండి. మరీ ఆశ పెట్టుకోకండి. నయాపైసలు వచ్చిన కొత్తలో వేదాద్రిలో మిత్రుడి పెళ్లి చూసుకుని, జగ్గయ్యపేటలో బస్సులు ఆగేచోట జట్కా దిగాను, అంతే.

మాట్లాడుకున్న కిరాయి ఇచ్చేశాను. జేబులో నందిగామ బస్సు చార్జీ, పైన ఒక్క బేడ, అదే పాత రెండణాల బిళ్ల, మిగిలాయి. జట్కా సాయిబు మాత్రం కదల్లేదు. మా కాకినాడలో బండివాడు అలా నిలబడ్డాడంటే మామూలు ఇవ్వాలని అర్థం. తక్కువిస్తే పదిమందిలో కడిగేస్తాడు. బస్సు చార్జీలో చెయ్యి పెడితే నాకు నందిగామ దాకా నడకే. ధైర్యం చేసి బేడ అందించబోయాను.

"ఇదేందండీ?" అన్నాడు.

"మా కాకినాడలో ఇచ్చే మామూలు, సాయిబుగారూ. ఇంతకన్నా లేదు."

"కిరాయి ముట్టిందిగా బాబూ. ఇంకెందుకు?"

"మరి కదలరేం?"

"పెళ్లికొచ్చిన చుట్టాన్ని బస్సెక్కించందే బండి తిప్పకూడదండి. బస్సు రాకపోతే మిమ్మల్ని మళ్లీ వేదాద్రి ఎవరు తీసుకుపోతారు, మీ కాకినాడోళ్లా? దానికి కిరాయి ఉండదులెండి."

అప్పటికి నాకు ఊపిరాడింది. చాచిన బేడ జేబులో వేసుకోవడానికి మాత్రం మొహం చెల్లలేదు.

"అంత ఇదిగా ఉంటే గుర్రానికి గడ్డి ఇప్పించండి. లాగింది అది. నేనూ మీలాగే కూర్చునొచ్చా."

ఇప్పించాను. గుర్రం నా వంక చూడకుండా తిన్నది. తక్కువైందని మాత్రం అనలేదు.

బస్సొచ్చింది. సాయిబు నా పెట్టె పైన వేయించి వెళ్లాడు. ఆ బస్సులో టిక్కెట్టు ఎక్కాక లోపలే ఇస్తారు. టిక్కెట్టిచ్చి కండక్టరూ కదలకపోతే, ఈసారి చాచడానికి నా దగ్గర బేడ కూడా లేదు.