పచ్చగుంటే అనుమానం

జనగామలోని మా చిన్న ఆఫీసులో టెస్టులన్నీ పాసైతే ముఖం చిట్లించే అక్క ఒకామె ఉండేది. మేం రాసిన ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్టులవి. పాసైతే తెరమీద పచ్చ గీత వస్తుంది. అది రాగానే మేం టీకి లేచేవాళ్లం. ఆమె మాత్రం, "జర చెడగొట్టి చూద్దాం తమ్మీ," అనేది.

ఒకసారి హాస్టల్ సీట్ల ఇంటర్వ్యూ తేదీ చెప్పే మెయిళ్లు పంపాలి. గూడూరు, కొత్తగూడ పిల్లలకు ఆ మెయిల్ అందకపోతే సీటు పోయినట్టే. వెబ్‌సైటు మెయిళ్లను వరుసలో పెడితే, వెనకాల మరో ప్రోగ్రాం ఒక్కొక్కటే పంపుతుంది.

"అన్నీ పచ్చగనే ఉన్నయి గదమ్మా, ఇంకేంది పరేషాన్?" అన్నాడు మేనేజర్, బ్యాగు తగిలించుకుంటూ.

"ప్రోగ్రాంల మెయిల్ పంపే లైనే తీసేసి చూసిన సార్. అయినా పచ్చగనే ఉన్నయి."

ఆయన బ్యాగు దించాడు. మా టెస్టులు మెయిల్ వరుసలో చేరిందా అని మాత్రమే చూస్తున్నాయి, బయటికి పోయిందా అని చూడటం లేదు. అది చూసే టెస్టు రాస్తే వెంటనే ఎర్రగా ఫెయిలైంది. అక్క ముఖం విప్పారింది.

"గీ టెస్టును గిప్పుడు నమ్మచ్చు," అని తీసేసిన లైను మళ్లీ పెట్టింది. ఈసారి టెస్టు పచ్చగా వచ్చింది, మెయిళ్లు పిల్లలకు వెళ్లాయి. టెస్టు ఫెయిలైనందుకు మేనేజర్ అందరికీ టీ తెప్పించింది ఆ ఒక్కరోజే.