మడవ మీది వావిలి కొమ్మ

ఇన్నేళ్లుగా ఒక మాట నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. వార్తలు రాసి బతికినవాడిని. ఎవరు చేశారు, ఏం చేశారు, మొదటి పేరాలోనే చెప్పెయ్యాలని కొత్తవాళ్లకు నేర్పినవాడిని. నా సంగతికి వచ్చేసరికి ఆ మొదటి పేరా దొరకలేదు. దొరకలేదా, రాయలేదా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒడిశాలోని బరంపురానికి కాస్త దూరంలో మా ఊరు. విలేకరి పనితో పాటు కొంచెం వరి చేసేవాడిని. నా మడికి కాలువ తగలదు. పైనున్న లచ్చయ్య మడి నిండితే, మధ్య గట్టుకు కోసిన మడవలోంచి ఆ నీరు నాకు దిగాలి. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. పై మడివాళ్లు యూరియా చల్లితే, మడవను మట్టితో మూసి దాని మీద వావిలి కొమ్మ గుచ్చుతారు. ఎరువు కరిగి నేలకు పట్టేదాకా ఆ కొమ్మ అక్కడే ఉంటుంది. అది ఉన్నంతసేపూ కింది మడివాడు నీరు అడగడు, తన నేల బీటలు వారినా సరే. కాపలా ఎవరూ ఉండరు. అక్కర్లేదు.

ఆ ఏడు యూరియాకు కరువొచ్చింది. బస్తాల కోసం రైతులు బారులు తీరారని వార్త రాయడానికి బరంపురం వెళ్లాను. ఆ రోజే మా ఊరికి బస్తాలొచ్చాయి, అయిపోయాయి. వార్త బాగా వచ్చింది. నా మడికి మాత్రం గుప్పెడు యూరియా లేదు.

వరి పిలకలు వేస్తున్న రోజులు. లచ్చయ్య జ్వరంతో పడుకుంటే అతని భార్య నీలమ్మ ఒక్కతే వచ్చి చల్లింది. ఒడి కట్టుకుని, ఒక్క మూలా వదలకుండా. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. మడవ మూసి, కొమ్మ గుచ్చి, అన్నం వేళకు ఇంటికి వెళ్లింది.

కొమ్మ తీశాను. మట్టి తీశాను. ఎండుతున్న మడి నాది, తప్పేముంది అనుకున్నాను. కాదు, అలా తర్వాత అనుకున్నాను. అప్పుడు ఏమీ అనుకోలేదు. ఎరువు కరిగిన నీరు నా మడిలోకి దిగే చప్పుడు వింటూ నిలబడ్డాను, అంతే. వాళ్ల మడిలో బురద తేలాక మళ్లీ మూసి, అదే కొమ్మను అదే చోట గుచ్చాను. మర్నాడు కాలువ వంతు వచ్చి వాళ్ల మడి నిండింది. ఎవరికీ అనుమానం రాలేదు. నీరు తీసుకున్నందుకన్నా, ఆ కొమ్మను తిరిగి గుచ్చినందుకే నా చెయ్యి నాకు పరాయిదిగా కనిపిస్తుంది.

నా చేను నలుపు తిరిగింది. వాళ్లది పాలిపోయింది. ఒక పొద్దున లచ్చయ్య నన్ను గట్టు మీదికి పిలిచాడు. నీలమ్మ అప్పటికే అక్కడ ఉంది.

"సూడు బావా. నీది సిలక రెక్క, నాది కామెర్లోడి కన్ను. మద్దిన గట్టొక్కటే గదా! బస్తా మొత్తం సల్లినానంటాది. సల్లిందేటైపోనాది? సగం ఈళ్ల తమ్ముడి మడికి ఎల్లిపోనాది. భంజనగర్ బస్సెక్కి మరీ!"

"యూరియాకి కాళ్లున్నాయేటి, బస్సెక్కడానికి?" అని నీలమ్మ నావైపు తిరిగింది. "అన్నయ్యా, ఆ దినం నువ్విక్కడే ఉన్నావు. నాను సల్లడం సూసినావు గదా. సెప్పు."

చూశానంటే, మరి ఎరువు ఏమైందన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న నా మడవ దగ్గరికే వస్తుంది.

"నాను సరిగ్గా సూడనేదమ్మా," అన్నాను.

"ఊరందరి కబుర్లూ పేపర్లో ఏస్తావు. పక్క మడి అగుపించనేదేటి," అంది నీలమ్మ.

ఆ తర్వాత నీలమ్మ తమ్ముడు వాళ్ల గడప తొక్కలేదు. లచ్చయ్య ఆమెను కొట్టలేదు, పొమ్మనలేదు. నమ్మడం మానేశాడు. బియ్యం గదికి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పోయేనాడు కూడా ఆ చెవి అక్కడే ఉంది. నేను పాడె మోశాను. అప్పుడైనా చెప్పొచ్చు. ఎవరికి చెప్పాలి, వినాల్సినవాడు భుజం మీద ఉంటే?

నీలమ్మ ఇప్పుడు కూతురి దగ్గర బరంపురంలో ఉంటోంది. ఎప్పుడైనా గేట్ బజార్లో ఎదురైతే ఒక్కటే అడుగుతుంది: "కాలవకి నీరొచ్చిందా, అన్నయ్యా?" వచ్చిందంటాను. ఇంకేదో అడుగుతుందని నిలబడతాను. అడగదు. ఎవరి దారిన వాళ్లం వెళ్తాం. నేను ఇంటికొచ్చి, ఎవరూ లేని వరండాలో, ఆమెతో అనాల్సిన మాట గోడతో అంటాను.

ఆమె చదివింది ఒడియా బడిలో. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అది తెలిసే ఈ అక్షరాల్లో రాస్తున్నానా? అవుననే అనిపిస్తోంది. ఇందులోనూ పిరికితనమే ఉంది. అయినా ఆ పొద్దున గట్టు మీద ఆమె అడిగినదానికి జవాబు ఒకచోటైనా ఉండాలి.

నీలమ్మ యూరియా చల్లింది. బస్తా మొత్తం చల్లింది. నేను చూశాను.