సోమవారం అంగడి బోణీ

నిన్న సోమవారం అంగడికి వెళ్లేసరికి ఎల్లిగడ్డలు అమ్మే ఆయన తన తడిసిన గోనెసంచిని నల్లరాతి ఫలకం మీద ఆరేసి ఉంచాడు. ఆ ఫలకం అంగడి మొదట్లో, సిమెంటు అరుగుల పక్కన నా నడుమెత్తున ఉంటుంది. దాని మీద పసుపుపచ్చ అక్షరాలతో పెద్దవాళ్ల పేర్లన్నీ చెక్కి, అన్నిటికంటే కింద మా తోడికోడలి పేరు, ఆ పేరు పక్కన వార్డు కౌన్సిలర్ అని ఉంటుంది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, ఏదైనా కూడబలుక్కుని చదువుతాను. కానీ ఆ ఒక్క పేరు మాత్రం రోడ్డు అవతలి నుంచైనా గడగడా చదివేస్తాను. ఇన్నేళ్లుగా దాని ముందు నుంచి పోతూ, చూడనట్టే చూస్తూ, చూసిన ప్రతిసారీ కడుపులో కొంచెం మండుతూ వచ్చిన చదువు అది. నిన్న పేరు కనపడకపోయేసరికి ప్రాణానికి చల్లగా అనిపించింది. రెండడుగులు వేసి, ఎందుకో వెనక్కి వచ్చాను. "అన్నా, ఆ సంచి జర పక్కకు జరపరాదు?" అన్నాను. "ఎండ మంచిగ తగిలేది గీ బండకే అక్కా. నీకేం అడ్డమొచ్చింది?" అన్నాడు. ఏం అడ్డమొచ్చిందో అతనికి చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

లింగంపల్లి స్టేషన్ దాటి తెల్లాపూర్ వైపు పోయే దారిలో మాది ఒకప్పుడు ఊరు, ఆ తర్వాత చిన్న మున్సిపాలిటీ, ఇప్పుడు మహానగరంలో ఒక మూల. చుట్టూ అద్దాల ఆఫీసులు, తల వెనక్కి వాల్చి చూడవలసిన అపార్టుమెంట్లు. వాటి మధ్యన మా గల్లీలు. అత్తమామలు పోయాక ఇల్లు రెండు వాటాలైంది. ఒకే వాకిలి, ఒకే నల్లా, రెండు తలుపులు. మా ఆయన బాలానగర్‌లో ఫ్యాక్టరీకి పోయేవాడు, మా మరిది ఆఫీసువాళ్లను తిప్పే కారు నడిపేవాడు. మరిది పెండ్లాం పదో తరగతి పాసై వచ్చింది. వచ్చిన మొదటి నెలలోనే గ్యాస్ బండ పుస్తకం పట్టుకుని గడగడా చదివితే మా అత్త మురిసిపోయి, "చూడు, చూడు" అని నన్ను పిలిచి మరీ చూపించింది. నేను పొయ్యి మీద జొన్నరొట్టె వదిలి వచ్చి చూశాను. రొట్టె మాడింది. అప్పుడు మొదలైంది ఇది.

అయినా నాకూ ఒకటి ఉండేది. ఆమెకు లేనిది. నా చెయ్యి మంచిదని మా సోమవారం అంగడిలో పేరు. పొద్దున మొదటి బేరాన్ని మేము బోణీ అంటాం. అది ఎవరి చేతుల మీదుగా అయితే ఆ రోజు అమ్మకమంతా ఆ చెయ్యిని బట్టే నడుస్తుందని అంగడివాళ్ల నమ్మకం. అందుకే మనిషిని చూసి బోణీ ఇస్తారు. గీచి గీచి బేరమాడి కొనకుండా పోయేవాళ్లకు ధర కూడా చెప్పరు, "ఇంకా బోణీ కాలె" అని తల తిప్పుకుంటారు. బోణీ డబ్బులు కళ్లకద్దుకుని, త్రాసుకు తాకించి, అప్పుడు గల్లాసంచిలో వేస్తారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆకుకూరల అవ్వ దగ్గర ఒక పుంటికూర కట్ట కొన్నాను. ఆ రోజు ఎండ ఎక్కకముందే అవ్వ గంప ఖాళీ అయిందట. మరుసటి సోమవారం నేను రాగానే లేచి చెయ్యి పట్టుకుంది. అవ్వను చూసి పక్కన టమాటాలామె, ఆమెను చూసి పచ్చిమిరపకాయల తాత. ఇక తెల్లవారుతూనే సంచి తీసుకుని వెళితే "వదినా, ఇటు రా", "అక్కా, నా కాడ జర చెయ్యి పెట్టిపో" అని రెండు వరుసల నుంచీ పిలుపులే. ఒకచోట కట్ట కొత్తిమీర, ఒకచోట నాలుగు వంకాయలు, ఒకచోట పిడికెడు చిక్కుళ్లు. ఇంటికొచ్చేసరికి వాటిలో ఏ రెండూ కలిపి వండే రకాలు కావు. "ఇయ్యాల గూడ కలగూరేనా?" అని మా ఆయన సోమవారాలు విసుక్కునేవాడు. నేను పట్టించుకునేదాన్ని కాదు. మా అత్త మెచ్చుకోకపోతేనేం, అంగడి అంతా నా కోసం ఎదురు చూస్తోంది.

మా ఊరు మున్సిపాలిటీ అయ్యాక మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. ఒక సాయంత్రం పార్టీ పెద్దమనుషులు తెల్లబట్టల్లో మా వాకిట్లోకి వచ్చారు. గల్లీలో నల్లా రాకపోతే వాటర్ వర్క్స్ ఆయనతో కొట్లాడేది నేను, వీధిదీపం వెలగకపోతే స్తంభం నంబరు గుర్తుపెట్టుకుని చెప్పేది నేను. ఇంకెవరి కోసం వస్తారు? కుర్చీలు వేశాను. అల్లం దంచి చాయ్ పెట్టాను. మొహం కడుక్కుని కొత్త బొట్టు కూడా పెట్టుకున్నాను. వాళ్లు చాయ్ తాగి, బాగుందని మెచ్చుకుని, గ్లాసులు కింద పెట్టి, "మీ చెల్లె ఇంట్ల లేదా అమ్మా? పది చదువుకున్నదంట గద" అన్నారు. ఆమె అప్పుడే తల స్నానం చేసి జుట్టు తుడుచుకుంటూ పక్క తలుపులోంచి వచ్చింది. తడి జుట్టుతోనే కౌన్సిలర్ అయిపోయింది. అంటే ఓట్లు తర్వాత పడ్డాయనుకోండి, నాకు మాత్రం ఆ నిమిషానే అయిపోయినట్టు. నా ఓటు కూడా ఆమెకే వేశాను, ఏ మాటకామాటే చెప్పాలి. వేసి వస్తూ, ఒక్క ఓటుతో ఓడిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

పదవి వస్తే వచ్చింది. దాని వెనకే బోణీ కూడా పోతుందని నేను అనుకోలేదు. ఆమె గెలిచిన తర్వాతి సోమవారం నేను ఎప్పటిలాగే అవ్వ ముందు వంగి పుంటికూర కట్ట చేతిలోకి తీసుకున్నాను. అవ్వ మెల్లగా ఆ కట్ట నా చేతిలోంచి తీసి మళ్లీ గంపలో పెట్టింది. "ఏమనుకోకు బిడ్డా. కౌన్సిలరమ్మ వస్తనన్నదట. జర్రంత సేపు ఆగు" అంది. చుట్టూ చూశాను. ఎవరూ పిలవలేదు. టమాటాలామె టమాటాలు పేర్చుకుంటోంది, మిరపకాయల తాత ఎక్కడో చూస్తున్నాడు. కౌన్సిలరమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని ఎండెక్కాక వచ్చింది. ఆమె వస్తే లేచి నిలబడ్డారు. నేను వస్తే ఎప్పుడూ ఎవరూ లేవలేదు. లేవవలసిన పని ఉందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. అప్పటి నుంచి సోమవారాలు అదే తంతు. ఆమె వచ్చేదాకా అమ్మకం లేదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే ఆఫీసు పిల్లలు కూర కొనబోతే "బోణీ కాలె, ఆగండి" అనేవారు. వాళ్లకు ఆగే ఓపిక ఎక్కడిది, ఏసీ దుకాణానికి పోయేవారు.

ఇంతలో అపార్టుమెంట్లవాళ్లు మున్సిపాలిటీలో అర్జీ పెట్టారు. సోమవారం వాళ్ల కార్లు బయటికి రావడం లేదని, అంగడిని ఊరి బయట క్వారీ గుంత దగ్గరికి మార్చమని. క్వారీ దగ్గర బస్సు ఆగదు, నీడ ఉండదు, మనిషి జాడ ఉండదు. అక్కడికి పంపడమంటే అంగడిని తీసేయడమే. అవ్వలాంటివాళ్లకు పూట గడిచేది దాని మీదే. నా సంగతి వేరు. ఎప్పటికైనా నా బోణీ నాకు తిరిగి వస్తుందని లోపల ఒక ఆశ. అంగడే లేకపోతే నా చెయ్యి ఎంత మంచిదైతే ఏం, ఎవరికి కావాలి? కౌన్సిల్ మీటింగుకు మా తోడికోడలు తోడు రమ్మంటే ఆమెతో వెళ్లాను. ఆమెకు ముందు వరుసలో పేరు రాసిన పలక, మూత తీయని నీళ్ల సీసా. నాకు గోడ పక్కన బెంచీ. అపార్టుమెంట్ల సంఘం సెక్రటరీ గారు కోస్తా వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. "అంగడి ఉండకూడదని కాదండి, ఇక్కడ ఉండకూడదని మా మనవి. అయినా అక్కడ పెద్దగా కొనేవాళ్లు కూడా లేరండి, నేను మేడ మీంచి చూస్తూనే ఉంటాను" అన్నారు. మా తోడికోడలు లేచి, "ఉన్నరు సార్. వచ్చి చూడుండ్రి" అంది. గొంతు వణికింది కానీ అంది. ఆ మాట నేను అనాల్సింది. అంతకంటే గట్టిగా అని ఉండేదాన్ని. సరే, సోమవారం పొద్దున చూసి తేలుద్దాం, గిరాకీ లేకపోతే క్వారీకే అని కమిషనర్ సారు అన్నాడు.

ఆ సోమవారం అంగడిలో పెళ్లికళ వచ్చింది. నేల ఊడ్చి నీళ్లు చల్లారు. కూరగాయలు గుడిగోపురాల్లా పేర్చారు. అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు, ఇంత పెద్ద రోజు బోణీ కౌన్సిలరమ్మ చేతే కావాలి, అంతదాకా ఎవరికీ ఒక్క మిరపకాయ అమ్మొద్దని. ఆమె ఏమో అధికారులతో కలిసి రావాలని మున్సిపల్ ఆఫీసులో కూర్చుంది. జీపులు వచ్చి ఆగేసరికి ఎండ బాగా ఎక్కింది. కమిషనర్ దిగి చూస్తే ఏముంది? కూరలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, అమ్మేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు, కొనేవాళ్లు ఖాళీ సంచులతో దూరంగా నిలబడ్డారు, కొందరు వెళ్లిపోతున్నారు. త్రాసు చప్పుడు లేదు. సెక్రటరీ గారు జాలిగా, "చూశారు కదండీ. నేనేమీ కల్పించి చెప్పలేదు" అన్నారు. మా తోడికోడలు గబగబా పోయి అవ్వ దగ్గర ఒక కట్ట కొంది. పక్కామె దగ్గర టమాటాలు కొంది. తర్వాత తాత దగ్గర. ఒక్కొక్కరూ కళ్లకద్దుకోవడం, త్రాసుకు తాకించడం, నమస్కారం. అలా రెండు వరుసలూ తిరగాలంటే మధ్యాహ్నమవుతుంది. కమిషనర్ గడియారం చూసుకున్నాడు. "ఉన్న ఒక్క గిరాకీ మన కౌన్సిలర్ గారేనాండీ" అన్నారు సెక్రటరీ గారు.

నేను రెండో వరుస చివర మడిచిన సంచి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె తలెత్తి ఇటు చూసింది. జనమంతా వినేలా, "అక్కా, ఆ వరుస నువ్వు చెయ్యి" అంది. నాకు కదలాలనే ఉంది. కానీ ఆమె చెబితే ఏం లాభం, కట్ట చేతిలోంచి లాక్కున్నది అంగడివాళ్లు కదా, వాళ్లు పిలవాలి. వాళ్లేమో ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆఖరికి అవ్వే తన చోటు వదిలి, నడుం పట్టుకుని లేచి వచ్చింది. "నిలవడ్డవేంది బిడ్డా? మొదాలు నీ చెయ్యే గద మాకు. నడు" అని నన్ను నెట్టినంత పని చేసింది. ఇక చూసుకోండి. చిక్కుళ్లు, బెండకాయలు, చామగడ్డ, ఏది దొరికితే అది. నేను ఒక గంప దాటితే నా వెనక ఆ గంప మీద జనం పడ్డారు. మడిలోకి నీళ్లు వదిలినట్టు వరుస వెంట సందడి పారింది. కమిషనర్ సారును అరటిపండ్ల బండి ఆయన "సారూ, జర జరుగుండ్రి" అని పక్కకు నెట్టాడు. అంతలో అపార్టుమెంట్ గేటులోంచి సెక్రటరీ గారి భార్య రెండు సంచులతో వచ్చింది. "మీరిక్కడేం చేస్తున్నారండీ? ఉత్తినే నిలబడకపోతే ఈ సొరకాయలు పట్టుకోండి" అంది. ఆయన పట్టుకున్నారు. కమిషనర్ నవ్వాపుకోవడం నేను కళ్లారా చూశాను.

అంగడి నిలిచింది. రోడ్డుకు ఒక పక్కనే కూర్చోవాలన్నారు, అరుగులు కట్టించారు, ఫలకం నాటారు. రిబ్బను కత్తిరించింది ఆమె. గల్లీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫోటోలో ఆమె మొత్తం ఉంది, నాది మోచెయ్యి, సంచి ఉన్నాయి. మోచెయ్యి నాదేనని మా ఆయనకు చూపిస్తే, "గాజులు నీయే" అని ఒప్పుకున్నాడు. అంగడి నిలిచిన ఆ సోమవారం సాయంత్రం మా తోడికోడలు, నేను వాకిట్లో కూర్చుని కొన్న ఆకుకూరలన్నీ ఏరుతున్నాం. ఉన్నట్టుండి ఆమె, "నన్ను చూస్తే లేసి నిలవడతరు గానీ ఒక్కరు గూడ మనసుల మాట చెప్పరక్కా. నీ కాడనేమో కూతురు కాన్పు సంగతులు గూడ చెప్తరు. చూస్తే నాకు కడుపు మండుతది" అంది. నేను తల వంచుకుని తోటకూర కాడలు తుంచుతూనే ఉన్నాను. తలెత్తితే నవ్వు కనపడుతుందని భయం. ఆ రాత్రి కూర నేనే వండి పెద్ద గిన్నెతో వాళ్ల వాటాకు పంపాను.

ఇప్పుడు మున్సిపాలిటీయే లేదు, మహానగరంలో కలిపేశారు. ఆమె గంజి చీరలు పెట్టెలో ఉన్నాయి. సోమవారం ఇద్దరం కలిసే వెళతాం, ఆమెది ఒక వరుస, నాది ఒక వరుస. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి వరుసలో గంపలు ముందు ఖాళీ అయ్యాయో ఓరకంట చూసుకుంటాను. ఆమె కూడా చూస్తుంది. నిన్న ఆమెకు మోకాలు నొప్పి, రాలేదు. రెండు వరుసలూ నేనే చేశాను, అయినా అంత సంతోషంగా లేదు. ఎల్లిగడ్డలాయన నా పోరు పడలేక గొణుక్కుంటూ సంచిని సగం జరిపాడు. పేరు బయటపడింది, కౌన్సిలర్ అన్నది కప్పుకుపోయింది. అదే సరిగ్గా ఉందనిపించి ఇంకేమీ అనకుండా వచ్చేశాను. ఆమె పదవీకాలం ముగిసిందని పైనుంచి కాగితం వచ్చి చాలా రోజులైంది. నా కడుపుమంటకు కాలం ముగిసిందని మాత్రం ఇంకా ఎవరూ కాగితం పంపలేదు.