ఆదోని తమ్ముడి వీడియోలు

2023 ఎండాకాలం. ఎమ్మిగనూరులో నేను కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లు. మొదట టీవీ కేబుల్, తర్వాత ఫైబర్ ఇంటర్నెట్. బజారు వెనక సందులో చిన్న గది నా ఆఫీసు. మా పనిలో అసలైన విద్య స్ప్లైసింగ్, అంటే వెంట్రుకంత సన్నని గాజు తీగలు రెండింటిని మెషిన్‌లో పెట్టి వేడితో అతకడం. ఆ విద్య నా దగ్గరే నేర్చుకుని, ఆదోనికి పోయి సొంతంగా కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టాడు బాషా. అక్కడ వాడి ఆఫీసుకు అద్దాల తలుపు, ఏసీ, బల్ల వెనక ఇద్దరు ఉద్యోగులు. మనవాడు బాగుపడ్డాడు, నాకదే సంతోషం అని అందరితో చెప్పేవాణ్ణి. అబద్ధం. వాడి పేరు వింటే చాలు, కడుపు మండేది.

ఆ ఎండల్లోనే ఒకరోజు నాగప్ప వచ్చాడు. చేనేత పనిలో పేరున్న మనిషి. చీర అంచు నేయడంలో అతని చెయ్యి ఇంకెవరికీ రాదు. తమ్ముడు రుద్రప్ప పెళ్లయ్యాక ఆదోనిలో వేరే మగ్గం పెట్టుకున్నాడు. మరదలు కర్ణాటక సరిహద్దులో ఉన్న హొళగుంద పిల్ల, పుట్టింట్లో కన్నడం మాట్లాడేవాళ్లు. ఆమె మగ్గం ముందు ఫోన్ నిలబెట్టి, కన్నడంలో కబుర్లు చెబుతూ చీరలు చూపించేది. ఆ వీడియోల వల్ల వాళ్లకు ఆర్డర్లు బాగా వస్తున్నాయి.

నాగప్ప కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"నువ్వు ఇచ్చింది ఏం నెట్టప్పా ఈరన్నా? ఎప్పుడు తెరిసినా మా తమ్ముడే. పొద్దున వాడే, సాయంత్రం వాడే. లోకమంతా వాన్నే సూస్తాండాది. నేనూ నాలుగు వీడియోలు పెట్టినా. కుక్క గూడా సూడలేదు."

"ఆదోనిలో వాళ్లది ఎవరి కనెక్షన్?" అని అడిగాను.

"బాషాదంట. వాడేమన్నా స్పెషల్ లైను ఇచ్చినాడేమో. ఇంకోటి. మా తమ్ముడు నా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్లో ఎవరితో ఏం మాట్లాడినాడో సూసి సెప్పు. తీగ నీదే కదా. నా గిరాకీలను వాడే లాక్కుంటాండాడు."

ఈ రెండో కోరికకు సరిగ్గానే జవాబు చెప్పాను. ఊళ్లో ఎవరు ఏం చేస్తున్నారో మేం ఆఫీసులో కూర్చుని సినిమాలాగా చూస్తుంటామని చాలామంది నమ్మకం. పోస్టుమ్యాన్‌కు కవరు మీది అడ్రసు తెలుస్తుంది కానీ లోపలి ఉత్తరం తెలియదు కదా, మాదీ అంతేనన్నాను. తెలిసినా చెప్పకూడదని కూడా అన్నాను.

మొదటి అనుమానం రెండు నిమిషాల్లో తీర్చేసేదే. వీడియో ఎవరికి కనపడాలన్నది లైను చేతిలో ఉండదు. మనం దేన్ని ఎక్కువ చూస్తే యాప్ మనకు దాన్నే తెచ్చి ముందు పెడుతుంది. ఆ ముక్క చెప్పి పంపేస్తే సరిపోయేది. కానీ బాషా పేరు చెవిన పడింది.

"ఏమోనప్పా. ఆ బాషా ఎన్ని మాయలు చేస్తాడో మనకేం తెల్సు" అన్నాను.

నోరు జారి అన్నది కాదు. కావాలనే అన్నాను.

నాగప్ప ఆ మాట పట్టుకుని ఆదోని పోయి, తమ్ముడి వాకిట్లో నిలబడి పదిమంది వినేట్టు అరిచాడట. దొంగ లైను పెట్టుకుని నా నోటికాడి కూడు లాగేస్తాండావని. ఆ రోజు నుంచి రుద్రప్ప ఎమ్మిగనూరు రావడం మానేశాడు. ఇదంతా నాకు నెల తర్వాత నాగప్ప భార్య లక్ష్మమ్మ వచ్చి చెబితే తెలిసింది.

నేతపనిలో పడుగు అతకడం అని ఒకటుంది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయే ముందు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలివేసి కలపాలి. వేల పోగులు. ఈ అన్నదమ్ములు చిన్నప్పటి నుంచీ చెరో పక్క కూర్చుని అతికేవాళ్లు. వేరుపడ్డా ఆ పద్ధతి మానలేదు. అన్న పడుగుకు తమ్ముడు, తమ్ముడి పడుగుకు అన్న. మూడోవాడి చెయ్యి పడనిచ్చేవాళ్లు కాదు.

"నెల దినాలుగా పడుగు అట్లే మూలన ఉండాది" అంది లక్ష్మమ్మ. "పెండ్లి చీరల ఆర్డరు ఉండాది. వేరేవాళ్లను పిలుద్దామంటే ఒప్పుకోడు. మగ్గం అమ్మేస్తాడంట అన్నా, బేరగాడు గూడా వచ్చి సూసిపోయినాడు. పొద్దస్తమానం ఫోన్ పట్టుకోని తమ్మున్ని సూసుకుంటా, తిట్టుకుంటా కూసుంటాడు. మగ్గం పోతే ఆ మనిషి బతుకుతాడా? నువ్వు నెట్టన్నా పీకెయ్యి."

ఆఫీసుకు తాళం వేశాను. ఆమె వెనకాలే పోయాను.

నాగప్ప మగ్గం పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. అతని ఫోన్ తీసుకుని హిస్టరీ తెరిచాను. హిస్టరీ అంటే మనం ఏవేవి చూశామో యాప్ రాసి పెట్టుకునే జాబితా.

"ఈ పొద్దు ఏం సూసినావో సూడు. నిన్న సూడు. మొన్న సూడు. అంతా మీ తమ్ముడే. నువ్వు అడిగినావు, అది పెట్టింది. లోకం సూసేది ఇది కాదప్పా, నువ్వు సూసేది."

"మరి వాని చీరలు ఎవరు కొంటాండారు?"

"మీ మరదలు కన్నడంలో సెప్తాది. అవతలి పక్క కన్నడమోళ్లు సూసి కొంటారు. వాళ్లు ముందు నీ గిరాకీలేనా? లోకమంతా అంటావు, మద్దికెర పక్క పల్లెల్లో సిగ్నల్ కోసం ఇప్పటికీ మిద్దె ఎక్కుతాండారు. మీ తమ్ముడనేవాడు ఉండాడనే వాళ్లకు తెలీదు."

నాగప్ప నమ్మలేదు. "ఏదీ, నీ ఫోన్ తియ్యి సూద్దాం. దాంట్లోనూ వాడే ఉంటాడు" అన్నాడు.

ముందూ వెనకా చూసుకోకుండా తీసి ఇచ్చాను. అందులో రుద్రప్ప లేడు. బాషా కొత్త ఆఫీసు. బాషా కొత్త జీపు. కస్టమర్లకు స్వీట్లు పంచుతున్న బాషా. నాగప్ప వేలితో పైకి తోస్తూ పోయాడు. ఎంత తోసినా బాషానే.

"ఈయప్ప ఎవరు?"

"బాషా" అన్నాను.

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాగప్ప నా మొహం వైపే చూస్తున్నాడు. "అయితే నువ్వూ నా మాదిరేనా ఈరన్నా" అన్నాడు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "నీకంటే ఎక్కువేనప్పా. లైనులో ఏమీ లేదని నాకు ఆ పొద్దే తెల్సు. వాని మీద కుళ్లుతో నీకు సెప్పలేదు."

లక్ష్మమ్మ నవ్వు ఆగిపోయింది. నాగప్ప కొడతాడనుకున్నాను. అతను మూలనున్న పడుగు వైపు చూసి, "ఈ మాట నాకు కాదు. ఆదోనికి వచ్చి మా తమ్మునికి సెప్పు. నేనొక్కన్నే పోతే వాడు తలుపు తియ్యడు" అన్నాడు.

బండి మీద ఎక్కించుకుని పోయాను. రుద్రప్ప వాకిట్లో నిలబడి, అతని భార్య వింటుండగా, నేను చేసింది నా నోటితోనే చెప్పాను. రుద్రప్ప అంతా విన్నాడు. అన్న వైపు తిరిగాడు.

"పడుగు ఎప్పుడు సుట్టించినావు?"

"నెలయిందిరా."

"ఈ ఎండలకు నెల దినాలు అట్లే పెడితే పోగు తెగదా? బుద్ధుందా అన్నా నీకు?" అని తిడుతూనే లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు.

అన్నదమ్ములు పడుగు అతికాక, మగ్గం బేరగాడు మళ్లీ వస్తే లక్ష్మమ్మే వాకిట్లోంచి పంపేసింది.

ఆ రోజు ఆదోని నుంచి ముగ్గురం ఒకే బండి మీద తిరిగి వస్తుంటే దారిలో బాషా ఆఫీసు కనపడింది. పైన ఇంకో అంతస్తు వేస్తున్నాడు. నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది, దాచుకోవడమెందుకు. ఇన్నేళ్ల పనిలో కుళ్లు ఎట్లా పోగొట్టుకోవాలో నేను నేర్చుకోలేదు. నేర్చుకున్నది ఒకటే. ఇప్పుడు ఎవరైనా వచ్చి పక్కవాడి నెట్ గురించి అడిగితే ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. కుళ్లుకోవడం ఇంటికి పోయాక.