కలిసొచ్చిన ఇంట్లో ఖాళీ ఆదివారాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు కొని కిరాయికిచ్చి చూడు అనడం మరిచిపోయారు. ఆ ముక్క కూడా అనివుంటే ఫిల్మ్‌నగర్‌లో ఆ ఫ్లాటు జోలికి వెళ్లేవాళ్లమే కాదు.

అప్పట్లో యూసుఫ్‌గూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను బడిలో టీచర్ని. గోదావరి వైపు నుంచి వచ్చిన మా ఆయన సినిమాలకు డబ్బింగ్ చెప్పేవారు. హీరోలకు కాదు లెండి, డ్రైవర్లకూ కానిస్టేబుళ్లకూ. ‘అయ్యగారూ, కారు సిద్ధంగా ఉందండీ’ అన్న మాట ఎన్ని సినిమాల్లో ఆయన గొంతుతో వినబడిందో. నా పేరు మీద ఒక ఇల్లుండాలన్నది నా పట్టుదల. మా అమ్మ బతుకంతా ఇంటి ఓనర్ల మాటలు పడింది. ఫ్లాటు సినిమావాళ్లకు కిరాయికిస్తే బ్యాంకు వాయిదాలు వాటంతటవే తీరిపోతాయని, మేం మాత్రం యూసుఫ్‌గూడలోనే సర్దుకోవచ్చని అనుకున్నాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇల్లు చూపించిన బ్రోకర్ మాటకారి. “అక్కా, గీ హాల్లనే కూసొని ఒక డైరెక్టర్ కథ రాసిండు. సినిమా మస్తు ఆడింది. కలిసొచ్చిన ఇల్లు, సినిమావాళ్లు ఎగబడ్తరు” అన్నాడు. వేరేవాళ్లయితే నవ్వి ఊరుకునేవారు. సినిమా అన్నం తింటున్నవాళ్లం, మేం నమ్మాం. డైరెక్టర్ కూర్చున్న మూలకు మా ఆయన చేతులు జోడించారు. దేవుడి గది ఏ దిక్కున ఉందో నేను చూశాను. వంటింట్లో ట్యాప్ తిప్పి చూడాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఎండాకాలం వచ్చేసరికి బోరు ఎండిపోయింది. అక్కడంతా బండరాయే, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? మా మొదటి కిరాయిదారు ఒక కొత్త డైరెక్టర్. ఆ ఫ్లాటును ఆఫీసుగా పెట్టుకున్నాడు. కథ రాయాల్సినవాళ్లు ట్యాంకర్ దగ్గర బకెట్లు పట్టుకొని నిలబడ్డారు. చివరికి ఆ సినిమా మొదలుకాకుండానే ఆగిపోయింది. తాళం తిరిగిస్తూ, “ఏమనుకోకండి మేడమ్, ఈ ఇల్లు మాకు కలిసిరాలేదండీ” అన్నాడు. ఆ మాట ఫిల్మ్‌నగర్ టీకొట్లన్నీ తిరిగింది. ఆ తర్వాత సినిమావాళ్లెవరూ మా గడప తొక్కలేదు. ఏ మాటకు మురిసి కొన్నామో ఆ మాటే మమ్మల్ని ముంచింది.

“ఎంతొస్తే గంతకు అమ్మేయ్ అక్కా. ఖాళీ ఇంటికి వాయిదాలు కట్టుడు ఏంది?” అన్నాడు బ్రోకర్. నాకు ఒళ్లు మండింది. “కలిసొచ్చిన ఇల్లని అంటగట్టింది నువ్వే కదరా తమ్మీ. ఇప్పుడు నా ఇల్లు నా చేతులకెల్లి నువ్వే గుంజుకుంటవా?” అన్నాను. చచ్చినా అమ్మనన్నాను.

మూసి ఉంచితే పాడవుతుందని ప్రతి ఆదివారం వెళ్లి ఊడ్చేవాళ్లం. తర్వాత చాప పరిచి, కట్టుకెళ్లిన పెరుగన్నం మాగాయతో తినేవాళ్లం. తిన్నాక మా ఆయన లేచి నిలబడేవారు. ముందు డ్రైవర్ మాట, తర్వాత కానిస్టేబుల్ మాట, ఆపైన ఎవరూ ఆయనకివ్వని హీరో మాటలు. సామాను లేని హాల్లో ఆ గొంతు గోడలకు తగిలి రెండింతలయ్యేది. నేను కడుపు పట్టుకొని నవ్వేదాన్ని. వాయిదా గుర్తొస్తే వేళ్ల మీద లెక్కలు వేసుకునేదాన్ని. అయినా సోమవారం నుంచే మళ్లీ ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

కొన్ని నెలలకు ఒక నర్సమ్మ ఇల్లు చూడటానికి వచ్చింది. సినిమాల ఊసు లేని మనిషి. ఈసారి నేనే ఆమెను ముందు వంటింట్లోకి తీసుకెళ్లి ట్యాప్ తిప్పాను. “ఎండాకాలం బోరు ఎండుతదమ్మా. ట్యాంకర్ నేనే తెప్పిస్త” అన్నాను. “ఉన్నమాట చెప్పిండ్రు, గంతే చాలు” అని ఒప్పుకుంది. అలా నా ఇల్లు నాకు దక్కింది. తాళం ఇచ్చిన రోజు చాప చుట్టి చంకన పెట్టుకొని, మెట్లు దిగుతూ మా ఆయన, “అద్దె వస్తుందిగా, అలా ఉన్నావేంటే?” అన్నారు. ఆయన ముఖం కూడా అలాగే ఉంది.

ఇప్పుడు ఆయన లేరు. వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి. ఇన్నేళ్లున్న నర్సమ్మ రిటైరై మొన్ననే ఖాళీ చేసింది. “మంచి పార్టీ ఉంది అక్కా, రేపే తోలుకొస్త” అని అదే బ్రోకర్ ఫోన్ చేశాడు. ఆదివారం దాకా ఆగమన్నాను.

ఆదివారం బాక్సు కట్టుకొని ఒక్కదాన్నే వెళ్లాను. ట్యాప్ తిప్పితే నీళ్లొచ్చాయి. హాలు ఊడ్చి, చాప పరిచి, పెరుగన్నం తిన్నాను. తర్వాత లేచి నిలబడి, “అయ్యగారూ, కారు సిద్ధంగా ఉందండీ” అన్నాను. గోడలకు తగిలి తిరిగొచ్చింది నా గొంతే.

బ్రోకర్‌కు ఫోన్ చేసి, ఇంకో ఆదివారం ఆగమన్నాను.