ఇరవై ఐదో డబ్బా

ఇప్పుడంటే కడుపులో ఉండే క్రిముల గురించి నేను మైకు ముందు అరగంట మాట్లాడితే జనం చప్పట్లు కొడుతున్నారు గానీ, ఆ రోజుల్లో నా ఉద్యోగమేమిటో కన్నతల్లికి కూడా చెప్పుకోలేకపోయేదాన్ని. పరిశోధన అన్నాను. దేనిమీదే అంటే పోషకాహారం మీద అన్నాను. అబద్ధమేం కాదు. కాకపోతే తిండి లోపలికి వెళ్లడం సగం కథే, మిగతా సగం మర్నాడు పొద్దున్న తెలుస్తుంది. ఆ మిగతా సగాన్ని చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పోగుచేసి, ఐసు పెట్టెలో సర్ది, కొండల మీంచి విశాఖపట్నం మోసుకురావడం నా పని (ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు). పాపం అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "మా గుంట సైంటిస్టు అయ్యింది, దాని చేతుల పనిని దేవుడు ఆశీర్వదించేలా ప్రార్థన చెయ్యండి" అని కోరేది. సంఘమంతా కళ్లు మూసుకుని నా చేతుల పని కోసం ప్రార్థించేవారు.

మా పెద్దసారు నవ్వగా చూసినవాళ్లు ల్యాబులో ఎవరూ లేరు. చోళ్లు (అంటే రాగులు), సామలు, అడవి దుంపలు, రకరకాల ఆకుకూరలు తినే కొండవాళ్ల కడుపులో మేలుచేసే క్రిములు మనకంటే ఎన్నో ఎక్కువ రకాలు ఉంటాయని ఆయన నమ్మకం. అది తేల్చడానికి జి.మాడుగుల అవతల, జీపు ఆగిపోయాక ఇంకో గంట నడిస్తే వచ్చే ఒక ఊరు నాకు అప్పగించారు. ఇరవై నాలుగు ఇళ్లు, ఇంటికొకరు చొప్పున ఇరవై నాలుగు డబ్బాలు. నాది ఆరు నెలల ఉద్యోగం. ఈ పని బాగా చేస్తే పీహెచ్‌డీలో చేర్చుకుంటానన్నారు, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆ ఊళ్లో ఎవరేం చెయ్యాలన్నా ఒక ముసలావిడ సరేననాలి. అందరికీ మామ్మే, నాకూ మామ్మే. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తూ, నేను పోషకాహారం మీద ఇచ్చిన ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "ఇంతకీ మా ఊరిది పట్టుకెళ్లి మీ సారుకి సూపిత్తావు, అంతేనా? సరే, ఇచ్చీ డబ్బాలు" అంది. మర్నాడు పొద్దున్నకల్లా మామ్మ అరుగు మీద, అడ్డాకులు పరిచి, వాటి మీద ఇరవై నాలుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కటి ఖాళీ లేదు! పక్క ఊళ్లలో నా తోటివాళ్లు సిగ్గుపడే జనాన్ని బతిమాలుకుంటూ రెండేసి వారాలు తిరుగుతుంటే, నేను ఒక్క రాత్రిలో ముగించేశాను. నా మాటకారితనం మీద నాకే ముచ్చటేసింది. బస్సులో ఐసు పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, పక్కావిడ "చేపలా అమ్మా?" అని అడిగితే గర్వంగా నవ్వి ఊరుకున్నాను.

మూడు వారాలయ్యాక పెద్దసారు పిలిపించారు. కూర్చోమనలేదు.

"ఇరవై నాలుగు డబ్బాలు తెచ్చావు. అన్నిట్లోనూ ఉన్నది ఒకే మనిషిది. ఎవరిది?"

"తెలీదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నన్ను కిందినుంచి పైకి చూశారు. "నీదా?"

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండునని అప్పుడే అనిపించింది. కొండెక్కే బద్ధకంతో జీపు దిగినచోటే కూర్చుని, నా సొంతదే ఇరవై నాలుగు డబ్బాల్లోనూ నింపుకొచ్చేశానని ఆయన అనుమానం. కాదు సార్ అని ప్రమాణం చేద్దామన్నా దేనిమీద చెయ్యను? "వారం రోజులు టైమిస్తున్నా. అసలువి పట్టుకురా. అబద్ధమని తేలితే ఈ ల్యాబులోనే కాదు, ఏ ల్యాబులోనూ అడుగు పెట్టలేవు" అన్నారు. హాస్టల్‌కి వచ్చి దుప్పటి ముసుగెట్టుకుని ఏడ్చాను. ఉద్యోగం పోతే అమ్మకేం చెప్పను? ప్రార్థన పనిచెయ్యలేదని చెప్పడం ఒకెత్తు, ఇన్నాళ్లూ దేనికోసం ప్రార్థించారో విడమరిచి చెప్పడం ఇంకో ఎత్తు.

మళ్లీ కొండెక్కాను. మామ్మ నన్ను చూసి, "ఏటే గుంటా, అప్పుడే వొచ్చేసినావు? మీ సారు మెచ్చుకున్నాడా?" అంది ఆశగా.

"మామ్మా, నిజం చెప్పు. ఆ డబ్బాలన్నీ ఎవరివి?"

"ఇంకెవుల్ది? మా బండోడిది" అంది, అదేదో బహుమతి పొందిన గిత్త గురించి చెబుతున్నట్టు. బండోడంటే వాళ్ల ఊళ్లోకెల్లా గట్టివాడు, రెండు బస్తాల పిప్పళ్లు మోసుకుని సంతకి నడిచిపోయేవాడు, పుట్టి బుద్ధెరిగి మాత్ర మింగి ఎరగడు. "కాఫీ బేరగాడు వొచ్చి మీ ఊరి గింజలు సూపించండంటే ఏటి సేత్తాం? అందర్లోకీ మంచి తోటలో గింజలు సూపిత్తాం. రోగిష్టి సెట్టువి సూపిత్తామేటి? ఊళ్లో సగం మందికి కడుపునొప్పి, గుంటలకి ఇరేచనాలు. అయ్యన్నీ పట్నంలో సూపిత్తే మా ఊరి పరువేం గావాల? నువ్వు మాత్రం తలెత్తుకుంటావేటి మీ సారు ముందల?"

నా కోసం కూడా చేశారని అప్పుడు తెలిసింది. కోపం తెచ్చుకుందామంటే రాలేదు, దుఃఖం మాత్రం తన్నుకొచ్చింది. పరీక్షకి మంచివీ చెడ్డవీ అన్నీ కావాలని, ఆ కడుపునొప్పులు ఎందుకో తెలుసుకోవడానికే వచ్చానని, ఇప్పుడు నా ఉద్యోగమే పోయేలా ఉందని వెక్కుతూ చెప్పాను. మామ్మ చుట్ట తీసి గోడకి ఆనించింది.

"ఏడవకే. ఇత్తాం. కానీ ముందల నీది ఇయ్యి. నీ గుట్టు సూపకుండా మా గుట్టంతా పట్టుకుపోతానంటే ఎలగే?"

మర్నాడు తెల్లారి, నా పేరూ ఇరవై ఐదో నంబరూ వేసిన డబ్బా ఒకటి పుచ్చుకుని కాఫీ తోటల్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఊరంతా అరుగు ముందు ఉంది. తలొంచుకుని నా డబ్బా అడ్డాకు మీద మొట్టమొదట పెట్టాను. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చి, తమ డబ్బా నాదాని పక్కన పెట్టి వెళ్లారు, రోగిష్టివాళ్లు కూడా. బండోడికి మాత్రం కోపమొచ్చింది. "ఏటి, నాది బాగోలేదన్నాడా మీ సారు?" అని మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

ఇంకో మూడు వారాలు. చివరికి పెద్దసారు పిలిచి ఈసారి కూర్చోమన్నారు. "ఇరవై ఐదూ ఇరవై ఐదు మందివి. మొదట తెచ్చినవాటిలో ఉన్నది నీది కాదు." హమ్మయ్య! అది నాది కాదన్నందుకు ఆనందంతో ఏడ్చిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. జరిగినదంతా చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం అడ్డం పెట్టుకున్నారు. కాగితం అదురుతోంది. చూద్దును కదా, మా పెద్దసారు నవ్వుతున్నారు! "పోన్లే, ఒకే మనిషివి ఇరవై నాలుగుసార్లు పెట్టినా మన మెషీను ఒకేలా చెప్పింది. పనిచేస్తోందని తెలిసింది" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. పీహెచ్‌డీ ఫారం నా ముందుకి తోసి, "ఇంకోమాట. అందరిలోకీ, ఆ జబ్బు పిల్లలకంటే కూడా, మేలుచేసే క్రిములు తక్కువున్న పేద కడుపు నీదేనమ్మా. ఏం తింటున్నావు?"

ఏం తింటాను? బేకరీ పఫ్, రెండు నిమిషాల నూడుల్స్, తుమ్మితే ఒక మాత్ర. పోషకాహార శాస్త్రవేత్తని కదా!

తరవాత పిల్లల కడుపుల్లో నులిపురుగులున్నాయని తేలి, మందులు పట్టుకుని వెళ్లినప్పుడు, అందరికంటే పేద కడుపు నాదేనన్న సంగతి మామ్మకి చెప్పాను. ఊరి పరువు నిలిచిందని సంతోషిస్తుందనుకున్నాను. నోట్లో చుట్ట తీసి నొసలు కొట్టుకుంది. "పిచ్చిదానా! అలగని సెప్పి, మీ సారుకి నీదే సూపించేసినావేటి? నీ డబ్బాలో కూడా బండోడిది ఎట్టుకోవలిసింది!" ఆ పూట నా ముందు కూర్చుని, గిన్నెడు చోడంబలి తాగేదాకా నన్ను కదలనివ్వలేదు.

మామ్మ ఇప్పుడు లేదు. నేను రోజూ అంబలి తాగుతాను, నా కడుపూ కాస్త కోలుకుంది. ఏటా ల్యాబులో ఫ్రీజరు శుభ్రం చేసేటప్పుడు అడుగున మంచు పట్టిన ఒక డబ్బా చేతికి తగులుతుంది. ఇరవై ఐదో నంబరు. దాంతో ఏ పనీ లేదు, పారెయ్యొచ్చు. కానీ ఊరంతా చూస్తుండగా తలొంచుకుని అరుగు దగ్గరకి నడిచిన ఆ బక్కపల్చటి పిల్ల గుర్తొస్తుంది. మంచు తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేస్తాను.