తోట పికప్‌లో పోసిన నూనె

1972 ఏప్రిల్‌లో నన్ను కాసిపేట గని నుంచి గోదావరిఖని వర్క్‌షాపుకు అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు. వర్క్‌షాపులో అందరికన్నా పైన ఇంజనీరు, ఆయన కింద ఫోర్‌మన్, ఆ తర్వాత నేను. నా కింద ఫిట్టర్లు, వెల్డర్లు, టర్నర్లు. వాళ్లకు సామాను అందించే జనరల్ మజ్దూర్లు అట్టడుగున. ఫోర్‌మన్ గారు జబ్బుచేసి పొడుగు సెలవులో ఉండటంతో ఆయన పని కూడా నా మీద పడింది. భారం అనిపించలేదు సరికదా, ఆయన కుర్చీలో కూర్చోవడం నాకు బాగానే ఉండేది.

రెండో వారంలో ఇంజనీరు గారు ఒక జాబ్ కార్డు చేతికిచ్చారు. వర్క్‌షాపులోకి ఏ యంత్రం వచ్చినా దానికో జాబ్ కార్డు ఉంటుంది. ఏం చెడింది, ఎవరు బాగుచేశారు, ఏ సామాను పట్టింది అన్నీ అందులో రాయాలి. ఈ కార్డు మీద మాత్రం రెండే ముక్కలు ఉన్నాయి: "తోట పికప్. నడవదు."

అప్పట్లో గోదావరి ఒడ్డున కంపెనీకి ఒక తోట ఉండేది. అక్కడి పాలు, కూరగాయలు గనుల క్యాంటీన్లకూ దవాఖానకూ వచ్చేవి. వాటిని మోసే పికప్ మూడేళ్లుగా మూలబడి ఉంది. పాలు ఎడ్లబండి మీద వస్తున్నాయి. ఎండాకాలంలో ఆ పాలు క్యాంటీన్ చేరాక పొయ్యి మీద పెడితే విరిగేవి. మొదటి షిఫ్టు దిగే కార్మికులు క్యాంటీన్ కిటికీ దగ్గర నిలబడి, "ఇయ్యాల చాయ పోస్తవా, మజ్జిగ పోస్తవా?" అని అడిగేవాళ్లు. ఆ మాట మేనేజరు చెవిన పడింది. అందుకే ఈ కార్డు.

తోట సూపర్‌వైజర్ శర్మ గారు మంథని మనిషి. ఎద్దులను తప్ప ఎవరినీ 'నువ్వు' అనేవారు కాదు. నన్ను షెడ్డు దగ్గరికి తీసుకెళ్లి, "చూడండి. లోపల కొందరు కాపురం ఉంటున్నారు, జాగ్రత్త" అన్నారు. నిజమే. సీటులో కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. గాలి వడబోసే డబ్బాలో కందిరీగలు. వైర్లు ఎలుకలు కొరికేశాయి. వెనక చెక్కలు ముట్టుకుంటే పొడి రాలాయి. రేడియేటర్ నిండా గోదావరి ఒండ్రు గట్టిపడి ఉంది.

ఈ పనికి నేను ఇద్దరు ఫిట్టర్లను, ఓదెలు అనే జనరల్ మజ్దూర్‌ను తీసుకున్నాను. ఓదెలుకు ముప్పై ఏళ్లుంటాయి. ఊళ్లో కొంచెం వ్యవసాయం ఉంది. వాళ్ల బావి మీది ఆయిల్ ఇంజన్‌ను తానే విప్పి బిగించుకునేవాడు. ఏడేళ్లు గని లోపల కట్టె మోసి, ఏడాది కిందట పైకి వచ్చాడు. అయితే ఆ మార్పు ఖాయం కాదు. ట్రేడ్ టెస్టు పాసైతే ఫిట్టర్ అవుతాడు, లేకుంటే ఎప్పుడైనా మళ్లీ గనిలోకి పంపవచ్చు. ట్రేడ్ టెస్టుకు పేరు పంపాల్సింది ఇంజనీరు గారు. ఆయన ఓదెలుతో నా ముందే చెప్పారు: "ఈ బండి ఫిట్‌నెస్ పాసైతే నీ పేరు రాస్త." ఆ రోజు నుంచి ఓదెలు షిఫ్టుకు గంట ముందే వచ్చేవాడు.

బండిని బాగుచేసిన ఆరు వారాలు నా ఉద్యోగంలో అన్నిటికన్నా సరదాగా గడిచిన రోజులు. ఇంజన్ హెడ్ విప్పి మసి గీకాం. వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో వాటి గూళ్లలో రుద్ది కూర్చోబెట్టాం. అవి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటానికి పైనుంచి కిరసనాయిలు పోస్తారు. కిందికి చెమ్మ దిగకపోతే పని అయినట్టు. ముందు చక్రాల బుష్షులు బజారులో దొరకవు కాబట్టి మా టర్నరే ఇత్తడి కడ్డీలోంచి తీశాడు. వెనక చెక్కలకు గనిలో వాడే దుంగల ముక్కలు కోయించాం. దాంతో బండి ఉండాల్సినదానికన్నా బరువెక్కింది. "పికప్ చేసిండ్రా, గని చేసిండ్రా?" అని వెల్డర్లు ఎగతాళి చేశారు.

కోడిని మాత్రం శర్మ గారు పిల్లలు లేచేదాకా కదపనివ్వలేదు. పన్నెండు రోజులు సీటు పని ఆపి మిగతా పనులు చేశాం. జాబ్ కార్డులో ఆలస్యానికి కారణం ఏం రాయాలో తెలియక "సామాను అందుబాటులో లేదు" అని రాశాను.

ఇంజన్‌ను మొదటిసారి హ్యాండిల్ తిప్పి లేపింది ఓదెలే. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి. లేకపోతే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. ఆ సంగతి ఫిట్టర్లకు చెప్పాల్సి వచ్చింది. ఓదెలుకు బావి దగ్గరే తెలుసు. మూడో తిప్పుకు ఇంజన్ అందుకుంది. శర్మ గారు కొబ్బరికాయ తెచ్చారు కానీ ఎక్కడ కొట్టాలో తెలియక బంపర్ మీద కొట్టబోతే, నిన్ననే రంగు వేశామని మేమంతా అడ్డుపడ్డాం.

ఇక బ్రేకుల సంగతి. ఈ బండికి నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని నూనె గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ పోయి, అక్కడి బ్రేకు షూలను డ్రమ్ములకు నొక్కుతుంది. నూనె కారకుండా ఆపేవి చిన్న రబ్బరు కప్పులు. వాటి కోసం హైదరాబాదుకు మనిషిని పంపాం. కప్పులు వచ్చాయి. బ్రేకు నూనె డబ్బా మాత్రం దారిలో సగం కారిపోయి వచ్చింది. నాలుగు చక్రాలకూ సరిపోలేదు.

బ్రేకు ఇన్‌స్పెక్టర్ పెద్దపల్లిలో క్యాంపు పెట్టడానికి ఇంకా పది రోజులుంది. మా దగ్గర బండ్ల యోగ్యత చూసే అధికారిని అందరూ బ్రేకు ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆయన సంతకం లేనిదే బండి రోడ్డెక్కకూడదు. కొత్త డబ్బా తెప్పించడానికి టైముంది. కానీ నాకు ఆ రోజే బండి తిప్పి చూడాలని తొందర. మా వర్క్‌షాపులో నూనె ఒత్తిడితో నడిచే ప్రెస్సు ఉండేది. జాకీలకైనా ప్రెస్సుకైనా ఒకే డ్రమ్ములోని నూనె పోసేవాళ్లం. అందులోంచి తెచ్చి పోయమని ఓదెలుకు చెప్పాను.

ఓదెలు డబ్బా మూత వాసన చూశాడు. డ్రమ్ములో వేలు ముంచి అదీ చూశాడు.

"సార్, గీ డబ్బాలది ఆముదం వాసన వస్తున్నది. డ్రమ్ముది కిరసనాయిల్ జాతి. మా బాయికాడ రబ్బరు వాసర్లకు కిరసనాయిల్ తగిల్తే ఉబ్బుతయి. జర ఆగుదమా?"

"ఆముదం నీ నెత్తికి పెట్టుకో. ఒత్తిడి మీద నడిచేదానికి ఈ డ్రమ్ము నూనె నడుస్తది. పొయ్యి."

ఫిట్టర్లు నవ్వారు. ఓదెలూ నవ్వాడు. పోశాడు.

ఆ సాయంత్రం వర్క్‌షాపు ఆవరణలో బండి తిప్పాను. బ్రేకులు చక్కగా పట్టాయి. "చూసినవా?" అన్నాను. "పట్టినయి సార్" అన్నాడు.

క్యాంపు రోజు పొద్దున్నే బయలుదేరాం. నేను నడుపుతున్నాను, పక్కన శర్మ గారు. బరువుతో పరీక్ష చేస్తారని పాల క్యాన్లలో నీళ్లు నింపి వెనక పెట్టాం. వాటి మధ్య ఓదెలు. బసంత్‌నగర్ దాటాక బండి వెనక నుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు అయింది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. తర్వాత మొదటి గేరులో కూడా కదలలేదు. దిగి చూస్తే నాలుగు చక్రాల డ్రమ్ములూ పెనంలా కాగుతున్నాయి. శర్మ గారు క్యాన్ మూత తీసి నీళ్లు పోయబోయారు. ఓదెలు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగుండ్రి పంతులూ. ఇనుము కాలి ఉన్నది. సల్లనీళ్లు పడితే పగుల్తది."

డ్రమ్ములు చల్లారాక ఒక చక్రం విప్పి, అందులోని రబ్బరు కప్పు తీసి నా అరచేతిలో పెట్టాడు. నానేసిన బొబ్బెరగింజలా ఉబ్బి ఉంది. ప్రెస్సు నూనె తగిలితే ఆ రబ్బరు నాలుగైదు రోజుల్లో అలా ఉబ్బుతుంది. ఉబ్బి, నూనె వెనక్కి వచ్చే సన్నని దారి మూసేస్తుంది. అప్పుడు తొక్కినకొద్దీ ఒత్తిడి పేరుకుని, పెడల్ మీద నుంచి కాలు తీసినా బ్రేకు వదలదు. నేను చదువుకున్న పుస్తకంలో ఇది ఉండే ఉంటుంది. "ఎట్ల చేద్దాం సార్?" అని మాత్రం అడిగాడు ఓదెలు.

విప్పిన చక్రం బిగించి, చక్రాల దగ్గరి మరలు వదులు చేసి ఒత్తిడి తీసేశాం. చేతి బ్రేకు మీద, మనిషి నడిచే వేగంతో వెనక్కి తిరిగాం. ఎడ్లబండ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒక బండతను తాడు ఎత్తి చూపించి, "కట్టమంటరా సారూ?" అన్నాడు. "మా ఎడ్లు ఇంటి దగ్గర ఉన్నాయి నాయనా, వాటికి తెలిస్తే నవ్వుతాయి" అన్నారు శర్మ గారు.

మర్నాడు ఇంజనీరు గారు వివరణ రాసివ్వమన్నారు. నేను రాసిన వాక్యం ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "సదరు వాహనపు బ్రేకులలో ప్రెస్సు ఆయిలు జనరల్ మజ్దూర్ ఓదెలు పోసియున్నాడు." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పోయమని చెప్పింది నేనన్న సంగతి లేదు, అంతే.

ఇంజనీరు గారు ఓదెలును పిలిపించారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"నువ్వేనా పోసింది?"

ఓదెలు ఒకసారి నా వైపు చూశాడు. నేను చేతిలోని కాగితం వైపు చూసుకున్నాను.

"నేనే పోసిన సార్."

నేను నోరు తెరవడానికి తగినంత సమయం అక్కడ ఉంది. ఇంజనీరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, ఫైలు మూశారు. నేను తెరవలేదు.

బ్రేకులు మళ్లీ విప్పాం. దవాఖాన నుంచి స్పిరిట్ తెచ్చి గొట్టాలు కడిగాం. కొత్త కప్పులు, అసలైన బ్రేకు నూనె. పనంతా ఓదెలే చేశాడు. ముందుకన్నా శ్రద్ధగా చేశాడు. తర్వాతి క్యాంపులో ఇన్‌స్పెక్టర్ శర్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని బండిని వేగంగా నడిపి ఒక్కసారి బ్రేకు తొక్కారు. క్యాన్లు ముందుకు జరిగాయి, శర్మ గారి నుదురు అద్దానికి తగిలింది. ఆయన దిగి, నుదురు రుద్దుకుంటూ, "సందేహం లేదండీ, ఉన్నాయి" అన్నారు. సర్టిఫికెట్ వచ్చింది. క్యాంటీన్ చాయ మళ్లీ చాయలా అయింది. నన్ను ఇంజనీరు గారు అందరి ముందు మెచ్చుకున్నారు.

ఓదెలు పేరు ట్రేడ్ టెస్టు జాబితాలో లేదు. వారం తిరగకుండానే మళ్లీ గని లోపలికి ఆర్డరు వచ్చింది. అతను ఫిట్టర్ కావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది, అదీ వేరే గనిలో వేరే ఇంజనీరు దగ్గర. ఆ నాలుగేళ్ల సీనియారిటీ చివరిదాకా అతనికి తిరిగి రాలేదు. తన తర్వాత పైకి వచ్చిన వాళ్ల కింద పనిచేసి దిగిపోయాడు.

ఇంతటితో అయిపోలేదు. నా ఉద్యోగంలో చివరి పన్నెండేళ్లు కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రంలో గడిచాయి. నూనెల పాఠం వచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పేవాణ్ణి. "ఒక మజ్దూర్ ఉండేవాడు, బ్రేకులలో ప్రెస్సు నూనె పోశాడు" అని మొదలుపెట్టి, బొబ్బెరగింజ, ఎడ్లబండతను, శర్మ గారి నుదురు అన్నీ చెప్పేవాణ్ణి. పిల్లలు కడుపుబ్బ నవ్వేవాళ్లు. పేరు చెప్పలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను.

రెండేళ్ల కిందట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, నస్పూర్‌లో ఓదెలు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో నులక మంచం అల్లుతున్నాడు. చాయ తెప్పించాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, తప్పు నాదేనని అన్నాను. అతను నులక బిగిస్తూనే విన్నాడు.

"గా ముచ్చట మా ఇంట్ల అందరికీ ఎరికే సార్. మా పెద్దోడు మీ క్లాసుల కూసున్నడు. ఇంటికొచ్చి, 'బాపూ, ఎవడో ఎడ్డోడు బ్రేకులల్ల ప్రెస్సు నూనె పోసిండట' అని చెప్పి ఒకటే నవ్వుడు."

నువ్వేమన్నావని అడిగాను.

"నేను గూడ నవ్విన. గా ఎడ్డోన్ని నేనే అని ఎట్ల చెప్పుదు?"

అతను ఇంకో వరస నులక లాగి బిగించాడు. తర్వాత అతనే అన్నాడు: "నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు అప్పుడే తెల్సు గదా. తెల్వనోళ్లకు చెప్పుండ్రి."

అందుకే ఇది రాశాను. నా క్లాసుల్లో కూర్చున్నవాళ్లు వందల మంది ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, ఆ కథలోని ఎడ్డివాడు మజ్దూర్ కాదని, అసిస్టెంట్ ఫోర్‌మన్ అని, అది నేనేనని దిద్దుకోవాలి. మజ్దూర్ ముందే వద్దన్నాడు, కారణం కూడా చెప్పాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటి. పని చెడినప్పుడు నివేదికలో, చేసినవాడి పేరు కన్నా ముందు చెయ్యమన్నవాడి పేరు రాయండి. చెయ్యమన్నవాడి పేరు రాయడానికి చెయ్యి రాకపోతే, చేసినవాడి పేరు కూడా రాయకండి.